కంపోజింగ్ కేసు నుంచి వెబ్ పుట వరకు: కృష్ణా డెల్టాలో తెలుగు పుట రూపకల్పన విద్య – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

హెచ్.టి.ఎం.ఎల్., సి.ఎస్.ఎస్.లతో వెబ్ పుటను రూపొందించే విద్యను సాంకేతిక శిక్షణగా మాత్రమే చూడటం పరిపాటి. తెలుగు విషయంలో దానికి లిపి చరిత్రతో, అచ్చు చరిత్రతో విడదీయరాని సంబంధం ఉంది. విషయాన్ని రూపం నుంచి వేరుచేయడం సి.ఎస్.ఎస్.కు మూలసూత్రం. ఆ సూత్రం 1996లో ప్రమాణంగా స్థిరపడినా, తెలుగు పుటకు అది నిజంగా వర్తించడం యూనికోడ్ వాడుకలోకి వచ్చిన తరువాతనే సాధ్యమైందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ జాప్యం వల్ల కలిగిన నష్టాన్నీ, అచ్చుకు కేంద్రమైన విజయవాడ ప్రాంతంలో దాని పర్యవసానాలనూ, తెలుగు అక్షర స్వభావం సి.ఎస్.ఎస్. ముందు నిలిపిన ప్రశ్నలనూ పరిశీలిస్తుంది.

కీలక పదాలు: వెబ్ పుట, హెచ్.టి.ఎం.ఎల్., సి.ఎస్.ఎస్., యూనికోడ్, ఫాంటు, సంయుక్తాక్షరం, విజయవాడ, కంపోజింగు.

1. ఉపోద్ఘాతం

విజయవాడలోని బెంజ్ సర్కిల్ రెండు జాతీయ రహదారులు కలిసే కూడలి. చెన్నై నుంచి కలకత్తాకు పోయే దారి, హైదరాబాదు నుంచి మచిలీపట్నానికి పోయే దారి ఇక్కడ ఒకదానినొకటి దాటుతాయి. రెండో దారికి నగరంలో బందరు రోడ్డు అని వాడుక. దాని చివర ఉన్న మచిలీపట్నంలో 1902లో కృష్ణాపత్రిక పుట్టింది. కూడలికి ఆనుకొని ఉన్న పటమటకు 1947లో గోరా నాస్తిక కేంద్రం తరలివచ్చి, పత్రికలూ పుస్తకాలూ వెలువరించింది. నగరం నుంచి 1952లో విశాలాంధ్ర దినపత్రిక, 1960లో ఆంధ్రజ్యోతి మొదలయ్యాయి. ఏలూరు రోడ్డు పుస్తకాల అంగళ్లకు పేరుపడింది. 1989 నుంచి విజయవాడ పుస్తక మహోత్సవం ఏటా పాఠకులను ఒకచోట చేర్చింది.

తెలుగు పుటను తీర్చిదిద్దడం ఇంతకాలం వృత్తిగా సాగిన ఈ ప్రాంతంలోనే, 1990ల చివరి నుంచి కంప్యూటరు శిక్షణ కేంద్రాలు వెబ్ పుట రూపకల్పనను బోధించడం మొదలుపెట్టాయి. పుటను కూర్చడమే రెండు విద్యల పని. అయినా ఒకదాని అనుభవం మరొకదానికి అందలేదు. అచ్చుశాలలో తెలుగు పుట కూర్చినవారికి వెబ్ భాష తెలియదు. వెబ్ భాష నేర్చినవారు తొలి పాఠం నుంచీ ఇంగ్లీషు పుటనే కూర్చారు. ఈ ఎడం ఎందుకు ఏర్పడింది, తెలుగు వాఙ్మయానికి దాని మూల్యం ఎంత అన్నవి ఈ వ్యాసం వేసుకొన్న ప్రశ్నలు.

2. అచ్చు పుట: కంపోజిటరు విద్య

తాళపత్రంపై తెలుగు రచన పదాల మధ్య ఎడం లేకుండా సాగేది. పద్యం ఎక్కడ ముగిసిందో నిలువు గీతలూ పద్యసంఖ్యా చెప్పేవి. కంటికి ఇంపైన అమరిక కంటే ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలిపే గుర్తులే అక్కడ ముఖ్యం. పద్యాన్ని పాదాలుగా విరిచి, వచనాన్ని పేరాలుగా విభజించి, శీర్షికను పెద్ద అక్షరాలలో నిలిపే అలవాటు అచ్చుతో స్థిరపడింది.

తెలుగు అచ్చు 18వ శతాబ్దిలో విదేశంలో మొదలైంది. బెంజమిన్ షుల్జ్ తెనిగించిన క్రైస్తవ గ్రంథాలు 1746–47 ప్రాంతంలో జర్మనీలోని హాలె నగరంలో అచ్చయ్యాయి. 1814లో విలియం కేరీ తెలుగు వ్యాకరణం శ్రీరాంపూరులోనూ, 1816లో ఎ.డి. క్యాంబెల్ వ్యాకరణం మద్రాసులోనూ వెలువడ్డాయి. 1854లో స్థాపితమైన వావిళ్ల వారి ముద్రణాలయం తెలుగు పుటకు ఒక నిలకడైన రూపం ఇచ్చిన సంస్థలలో ప్రధానమైనది.

ఈ అచ్చు పద్ధతిలో కంపోజిటరు ఎదుర్కొన్న మొదటి సమస్య సంఖ్యకు సంబంధించినది. చిన్నయసూరి బాలవ్యాకరణం తెలుగుకు వర్ణాలు 36 అని నిర్ణయించింది. కంపోజిటరు ముందున్న కేసులో గళ్లు అంతకు ఎన్నో రెట్లు. గుణింతాలు, ఒత్తులు, గుణింతంతో కలిసిన ఒత్తులు కలుపుకొంటే సీసపు అక్షరాలు వందల సంఖ్యకు చేరేవి. వ్యాకరణం లెక్కించిన వర్ణమూ, అచ్చుశాల లెక్కించిన ఆకారమూ రెండు వేర్వేరు వస్తువులు. తెలుగు వెబ్ చరిత్రలో ఎదురైన చిక్కులన్నింటికీ బీజం ఈ భేదంలోనే ఉంది.

రెండవ సమస్య నిలువు కొలతకు సంబంధించినది. రోమన్ లిపిలో అక్షరాలు ప్రధానంగా పక్కపక్కన నిలుస్తాయి. తెలుగు అక్షరం పైకి గుడితోనూ కిందికి ఒత్తుతోనూ పెరుగుతుంది. పై పంక్తిలోని ఒత్తు కింది పంక్తిలోని గుడిని తాకకుండా పంక్తుల మధ్య సీసపు పట్టీలు వేయడం కంపోజిటరు పని. ఎంత మందం పట్టీ వేయాలో పుస్తకం చదివి నేర్చుకొనేది కాదు. ఫోర్‌మన్ పక్కన నిలబడి, ప్రూఫు చూసి, మళ్లీ విప్పి కూర్చి నేర్చుకొనేది. పైగా సీసపు అక్షరం అద్దంలో బింబంలా తిరగబడి ఉంటుంది. పాఠకుడు చదివే పుట వేరు, కంపోజిటరు చదివే పుట వేరు. తాను చదివేది పాఠకుడి కంటికి ఎలా కనబడుతుందో ఊహించగలగడమే ఆ విద్యలో సిద్ధి. వెబ్ పుటను కూర్చేవాడికీ ఇదే వర్తిస్తుంది. అతడు చూసేది ట్యాగులతో నిండిన మూలపాఠం. పాఠకుడు చూసేది బ్రౌజరు చూపిన పుట.

3. హెచ్.టి.ఎం.ఎల్., సి.ఎస్.ఎస్.: రెండు భాషల పుట్టుక

ఐరోపాలోని సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ రూపొందించిన వెబ్ 1991లో బయటి ప్రపంచానికి తెలిసింది. దాని పుటలు రాసే భాష హెచ్.టి.ఎం.ఎల్. ఈ భాషలో ట్యాగు అంటే పాఠ్యభాగానికి పెట్టే పేరు. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది పట్టిక, ఇది ఉల్లేఖనం అని చెప్పడమే దాని పని. శీర్షిక ఎంత పెద్దగా, ఏ రంగులో ఉండాలో చెప్పడం మొదట దాని ఉద్దేశం కాదు. వెబ్ జనాదరణ పొందేసరికి రంగులూ, అక్షరాల పరిమాణాలూ కోరినవారు పెరిగారు. ఫాంటు పేరు చెప్పే ట్యాగు వాడుకలోకి వచ్చింది. పుటను నిలువు కాలాలుగా విభజించడానికి పట్టికల ట్యాగును వాడటం అలవాటైంది. విషయమూ అలంకారమూ ఒకే మూలపాఠంలో పెనవేసుకుపోయాయి.

ఈ పెనుపును విడదీయడానికి 1994 అక్టోబరులో హోకన్ వియుమ్ లీ ఒక ప్రతిపాదన చేశాడు. 1996 డిసెంబరులో అది సి.ఎస్.ఎస్. తొలి స్థాయి ప్రమాణంగా వెలువడింది. విషయం హెచ్.టి.ఎం.ఎల్.లో ఉంటుంది, రూపం సి.ఎస్.ఎస్.లో ఉంటుంది. రూపాన్ని పూర్తిగా తీసివేసినా విషయం చెడదు. 1997 డిసెంబరులో వచ్చిన హెచ్.టి.ఎం.ఎల్. 4.0 ఫాంటు ట్యాగును వాడవద్దని సూచించింది. వెబ్ పుటల అక్షరసముదాయంగా యూనికోడ్‌తో సమానమైన అంతర్జాతీయ ప్రమాణాన్ని స్వీకరించింది.

సి.ఎస్.ఎస్.లో విద్యార్థిని మొదట తికమక పెట్టేది వారసత్వ సూత్రం. పుట మొత్తానికి చెప్పిన అక్షరాల రంగు, ఫాంటు, పంక్తి ఎత్తు లోపలి భాగాలకు తమంతట తామే సంక్రమిస్తాయి. ఒక భాగానికి వేరుగా చెబితే అక్కడి నుంచి కింది భాగాలకు ఆ కొత్త ఆజ్ఞ వర్తిస్తుంది. డెల్టా విద్యార్థికి దీనిని కాలువల ఉదాహరణతో చెప్పవచ్చు. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీరు బందరు కాలువలోకి, ఏలూరు కాలువలోకి, రైవస్ కాలువలోకి పోయి, అక్కడి నుంచి పిల్లకాలువల గుండా చేలకు చేరుతుంది. నడుమ ఎక్కడో తూము మార్చితే దాని దిగువ చేలకు మాత్రమే మార్పు. తూము ఎగువన ఉన్నవారికి ఏమీ తెలియదు. ఇటువంటి సొంత ఉదాహరణలతో ఈ విద్య తెలుగులో స్థిరపడటానికి అవకాశం ఉండగా, బోధన సంకేతపదాల కంఠస్థంగానే చాలాకాలం సాగింది.

4. తెలుగు లేని తెలుగు: రోమన్ లిపి దశ

భారతదేశంలో ప్రజలకు ఇంటర్నెట్ సేవలు 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా మొదలయ్యాయి. అంతకుముందే అమెరికా విశ్వవిద్యాలయాలలోని తెలుగువారు కంప్యూటరు తెరపై తెలుగు రాసే మార్గాలను అన్వేషించారు. టెక్సాస్ రాష్ట్రంలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనందకిశోర్ రూపొందించిన ఆర్.టి.ఎస్. పద్ధతి వీటిలో ప్రసిద్ధమైనది. రోమన్ లిపిలో చిన్న అక్షరానికీ పెద్ద అక్షరానికీ ఉన్న తేడాను వారు తెలుగు ధ్వనుల తేడాకు వాడుకొన్నారు. చిన్న ‘టి’ రాస్తే తకారం, పెద్ద ‘టి’ రాస్తే టకారం. చిన్న ‘ఎన్’ నకారం, పెద్ద ‘ఎన్’ ణకారం. ఇంగ్లీషు చదువరికి ఆ పాఠం విచిత్రంగా కనబడేది. తెలుగు తెలిసినవాడికి మాత్రం ఏ అక్షరానికి ఏది గుర్తో సందేహం ఉండేది కాదు.

ఈ పద్ధతిలో ఒక మౌలికమైన మేలు ఉంది. ప్రతి తెలుగు ధ్వనికీ నిర్దిష్టమైన గుర్తు ఉండటం వల్ల ఆ పాఠాన్ని తరువాతి కాలంలో తప్పు లేకుండా తెలుగు లిపిలోకి మార్చుకోవచ్చు. రూపం తెలుగు కాకపోయినా విషయం భద్రంగా ఉంది. 1998లో అమెరికాలో మొదలైన ‘ఈమాట’ పత్రిక తొలి సంచికల రచనలు నేడు యూనికోడ్ తెలుగులో చదవడానికి లభిస్తున్నాయి. సంపాదకుల శ్రద్ధ ఉంటే సాంకేతిక పద్ధతులు మారినా వాఙ్మయం నిలుస్తుందనడానికి అది నిదర్శనం.

5. ముసుగు ఫాంట్ల దశ: రూపమే విషయమైన కాలం

1990ల చివర తెలుగు దినపత్రికలు వెబ్‌లోకి వచ్చినప్పుడు అవి ఎంచుకొన్న మార్గం వేరు. అప్పటికే అచ్చుశాలల్లో డి.టి.పి. ప్రవేశించింది. సీసపు కేసులోని ఆకారాలన్నీ ఫాంటు ఫైలులోకి చేరాయి. అయితే ఆనాటి ఫాంటులో స్థానాలు 256 మాత్రమే. అవి రోమన్ అక్షరాలకూ గుర్తులకూ ఏర్పరచినవి. ఫాంటు తయారుచేసినవారు ఆ స్థానాలలో రోమన్ అక్షరాల బొమ్మలకు బదులు తెలుగు ముక్కలను, అంటే తలకట్టును, గుడిని, ఒత్తును, కొమ్మును ఉంచారు. కంప్యూటరు దృష్టిలో అక్కడున్నది రోమన్ అక్షరమే. దానిమీద తెలుగు ముసుగు వేసి చూపడం ఫాంటు పని. పైగా ఏ ముక్కను ఏ స్థానంలో ఉంచాలన్న ఏకాభిప్రాయం లేదు. ఒక సంస్థ ఫాంటులో కకారమున్న చోట మరొక సంస్థ ఫాంటులో ఒత్తు ఉండేది.

పాఠకుడి కంప్యూటరులో ఆ ఫాంటు లేకపోతే పుటంతా అర్థంలేని రోమన్ గుర్తులుగా కనబడేది. దీనికి విరుగుడుగా పుటతోపాటు ఫాంటును కూడా పంపే పద్ధతులు వచ్చాయి. నెట్‌స్కేప్ 4 బ్రౌజరు ఒక పద్ధతినీ, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4 మరొక పద్ధతినీ అనుసరించాయి. ఈనాడు, వార్త వంటి పత్రికల పుటలు తమతమ ఫాంట్లతో వెలువడ్డాయి. నెట్‌స్కేప్ తరువాతి రూపాలలో ఆ పాత పద్ధతిని వదిలివేయడంతో దానినే నమ్ముకొన్న పుటలు చదవరానివయ్యాయి.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటి ఉంది. ముసుగు ఫాంటు పుటలో ప్రతి పేరాకూ ఫాంటు పేరు చెప్పే ట్యాగు తప్పనిసరి. ఇంగ్లీషు పుటలో ఆ ట్యాగు తీసివేస్తే అక్షరాల సొగసు తగ్గుతుంది, పాఠం చెడదు. తెలుగు పుటలో తీసివేస్తే పాఠమే మాయమవుతుంది. రూపానికి సంబంధించిన ఆజ్ఞే ఇక్కడ అర్థాన్ని మోస్తున్నది. అందువల్ల విషయాన్ని రూపం నుంచి వేరుచేయమని సి.ఎస్.ఎస్. చెప్పిన పాఠం ఆనాటి తెలుగు పుటకు వర్తించే వీలే లేదు. 1997 నాటి ప్రమాణం వద్దన్న ట్యాగుమీదనే తెలుగు వెబ్ ఆధారపడింది. శిక్షణ కేంద్రంలో శాస్త్రీయంగా సి.ఎస్.ఎస్. నేర్చిన విద్యార్థి తెలుగు పుట కూర్చబోతే, నేర్చినదానికి విరుద్ధంగా నడుచుకోవలసి వచ్చేది. తెలుగు పుట పాఠ్యప్రణాళికలోకి రాకపోవడానికి భాషమీద చిన్నచూపు ఒక్కటే కారణం కాదు. ఆనాటి తెలుగు పుట బోధించదగిన ప్రమాణానికి లోబడనిది.

దీని నష్టం రెండు విధాలైనది. మొదటిది, ఆ పుటలలోని తెలుగు పదాలను వెతకడం కుదరదు. శోధనయంత్రానికి అవి తెలుగు పదాలు కావు. రెండవది, ఫాంటు లభించనినాడు ఆ పాఠం పరిశోధకుడికి మూసిన తలుపు. వెన్న నాగార్జున రూపొందించిన ‘పద్మ’ అనే ఉపకరణం ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులో ఇటువంటి పుటలను అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చి చూపింది. ఏ ఫాంటులో ఏ స్థానంలో ఏ ముక్క ఉందో ఒక్కొక్కటిగా పట్టిక వేయడం దాని వెనుక ఉన్న శ్రమ. శాసనలిపిని చదివే పండితుడి పనికి ఇది దగ్గరగా ఉంటుంది.

ఈ దశ వెబ్‌లో ముగిసినా అచ్చుశాలలో ముగియలేదు. తెలుగు పుస్తకాల డి.టి.పి.లో అను ఫాంట్లు విస్తృతంగా వాడుకలో ఉన్నాయి. అచ్చయిన పుస్తకం చూడముచ్చటగా ఉంటుంది. దాని కంప్యూటరు ప్రతిని వెబ్ పుటలో పెట్టాలంటే మళ్లీ మార్పిడి కావాలి. మార్పిడిలో ఒత్తు తప్పినా, బండి ఱ పోయినా ఒకరు కూర్చుని దిద్దాలి. పరిశోధన వ్యాసాన్ని అను ఫాంటులో కూర్చి, పత్రిక కోరినందున యూనికోడ్‌లోకి మార్చిన ప్రతి అధ్యాపకుడికీ ఈ శ్రమ తెలిసినదే.

6. యూనికోడ్: వర్ణం మళ్లీ వర్ణమైంది

1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు చోటు దక్కింది. భారతీయ లిపుల కోసం ఈ దేశంలో రూపొందిన ఇస్కీ ప్రమాణపు అమరికను అనుసరించి తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. వాటిలో వందలాది ఆకారాలకు చోటు లేదు. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు, అంకెలు, మరికొన్ని సంకేతాలు మాత్రమే ఉన్నాయి. సంయుక్తాక్షరానికి ప్రత్యేక స్థానం లేదు. హల్లు, పొల్లు, మరొక హల్లు వరుసగా వస్తే వాటిని కలిపి ఒత్తుగా చూపడం తెరమీద అక్షరాలను కూర్చే యంత్రాంగం పని. అంటే కంపోజింగ్ కేసు లెక్క పోయి, వ్యాకరణపు లెక్క తిరిగి వచ్చింది.

ప్రమాణం పుట్టిన పదేళ్లకు గాని అది సామాన్యుడి కంప్యూటరుకు చేరలేదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటును వెంట తెచ్చింది. అయినా సంక్లిష్ట లిపుల మద్దతును సెట్టింగులలోకి వెళ్లి విడిగా ఎంచుకొంటే తప్ప ఒత్తులు కలిసేవి కావు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు ఈ దశలో తెలుగు రచయితలకు ఎంతో ఉపకరించాయి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. 2006లో వీవెన్ రూపొందించిన ‘లేఖిని’ రోమన్ మీటలు నొక్కి తెలుగు రాసే అవకాశాన్ని ఏ ఫాంటూ ఏ సాఫ్ట్‌వేరూ విడిగా స్థాపించకుండా బ్రౌజరులోనే కల్పించింది. ఆర్.టి.ఎస్. వారసత్వం ఇందులో స్పష్టంగా కనబడుతుంది.

ఇప్పుడు సి.ఎస్.ఎస్. సూత్రం తెలుగుకు తొలిసారి వర్తించింది. రూపాన్ని తీసివేసినా తెలుగు తెలుగుగానే మిగిలింది. 2009లో ఫైర్‌ఫాక్స్ 3.5 వంటి బ్రౌజర్లు ఫాంటును సి.ఎస్.ఎస్. ద్వారా పుటకు జతచేసే పద్ధతిని అమలుచేశాయి. నెట్‌స్కేప్ కాలంలో విఫలమైన ఆలోచన ఈసారి దృఢమైన పునాదిమీద నిలిచింది. ఈసారి ఫాంటు అందకపోతే అందం మాత్రమే తగ్గుతుంది. సిలికానాంధ్ర ప్రోత్సాహంతో వెలువడిన తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్ ద్వారా అందరికీ ఉచితంగా అందాయి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, సూరన్న, గురజాడ, గిడుగు, మండలి, సురవరం అన్న పేర్లు వాటివి. సాహిత్య చరిత్రలోని పేర్లు సి.ఎస్.ఎస్. ఆజ్ఞలలో ఫాంటు పేర్లుగా చేరడం విశేషం.

7. తెలుగు అక్షరం అడిగిన ప్రశ్నలు

యూనికోడ్‌తో సమస్యలన్నీ తీరలేదు. ఇంగ్లీషు పాఠాలతో నేర్చిన సి.ఎస్.ఎస్.ను తెలుగు పుటకు యథాతథంగా వాడినప్పుడు కనిపించే లోపాలు మూడు ప్రధానమైనవి.

మొదటిది పంక్తి ఎత్తు. రోమన్ అక్షరాలకు చాలిన ఎత్తు తెలుగుకు చాలదు. స్థిరమైన ఎత్తు గల పెట్టెలో శీర్షికను బిగిస్తే కింది ఒత్తు తెగిపోతుంది. ‘రాష్ట్రం’ అన్న పదంలో రెండు ఒత్తులున్నాయి. ఇంగ్లీషుకు సరిపోయే మెనూ పట్టీలో ఆ పదం అడుగు కోసుకుపోవడం చూడవచ్చు. సీసపు పట్టీ మందం ఎంచిన కంపోజిటరు అనుభవం ఇక్కడ అక్షరాలా పనికివస్తుంది. పంక్తి ఎత్తును స్థిరమైన కొలతగా చెప్పకుండా అక్షర పరిమాణానికి నిష్పత్తిగా చెప్పడం, ఇంగ్లీషు కంటే ఎక్కువ నిష్పత్తిని ఎంచుకోవడం, ఫాంటు మార్చినప్పుడల్లా ఒత్తులున్న పదాలతో పరీక్షించడం తెలుగు పుటకు కనీస నియమాలు.

రెండవది అక్షరాల మధ్య ఎడం, వాలు అక్షరాలు. అక్షరాల మధ్య ఎడం పెంచే ఆజ్ఞ రోమన్ శీర్షికకు గాంభీర్యం ఇస్తుంది. తెలుగులో అది హల్లును ఒత్తు నుంచి దూరం చేసే ప్రమాదం ఉంది. గ్రంథనామాలను వాలు అక్షరాలలో చూపడం రోమన్ సంప్రదాయం. తెలుగు అచ్చు ఆ పనికి ఉల్లేఖన చిహ్నాలనో ముద్ద అక్షరాలనో వాడింది. ఇది గ్రంథనామం అని హెచ్.టి.ఎం.ఎల్.లో చెప్పి, దానిని ఎలా చూపాలో తెలుగు సంప్రదాయాన్ని బట్టి సి.ఎస్.ఎస్.లో నిర్ణయించడం సరైన పద్ధతి.

మూడవది, అన్నింటికంటే లోతైనది, అక్షరం అంటే ఏమిటన్న ప్రశ్న. పేరాలో తొలి అక్షరాన్ని పెద్దది చేసే ఆజ్ఞ సి.ఎస్.ఎస్.లో ఉంది. ‘స్త్రీ’ అన్న పదంతో పేరా మొదలైతే తొలి అక్షరం ఏది? కంటికీ ఛందస్సుకూ అది ఒకే అక్షరం, ఒక గురువు. యూనికోడ్‌లో అది ఆరు సంకేతాలు: సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, ఈకారపు గుణింతం. వెబ్‌లో వాడే యు.టి.ఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్ల చొప్పున 18 బైట్లు. యూనికోడ్ పాఠ విభజన నియమాలు చాలాకాలం దీనిని మూడు ముక్కలుగా లెక్కించాయి. 2023 సెప్టెంబరులో వెలువడిన యూనికోడ్ 15.1 ప్రమాణం తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులలో సంయుక్తాక్షరాన్ని ఒకే ఘటకంగా గుర్తించే నియమాన్ని చేర్చింది. తెలుగు బడిపిల్లవాడు వేళ్లమీద లెక్కించే అక్షరం యూనికోడ్ లెక్కలోకి రావడానికి 32 ఏళ్లు పట్టింది.

ఈ ఆలస్యం పండిత చర్చకు పరిమితమైనది కాదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరం లోపల కంటికి కనబడని విభాజక సంకేతం చేరిన ఒక వరుస ఆపిల్ ఫోన్లలో అనువర్తనాలను కుప్పకూల్చింది. ప్రపంచవ్యాప్తంగా వార్త అయింది. ఆ సంస్థ అదే నెలలో 11.2.6 సవరణతో దానిని సరిదిద్దింది. వార్తలు దానిని ప్రమాదకరమైన తెలుగు అక్షరంగా చిత్రించాయి. నిజానికి లోపం అక్షరానిది కాదు. సంయుక్తాక్షరాన్ని కూర్చే యంత్రాంగానిది. తెలుగు లిపి స్వభావం యంత్ర నిర్మాతల ఊహలో ఎంత అంచున ఉందో ఆ ఘటన చాటింది.

8. నేర్చుకొనే పద్ధతి: విజయవాడ అనుభవం

వెబ్ పుట విద్యకు ఒక సౌలభ్యం మొదటి నుంచీ ఉంది. నోట్‌ప్యాడు, బ్రౌజరు ఉంటే చాలు. ఇతరులు కూర్చిన ఏ పుట మూలపాఠాన్నయినా తెరిచి చూడవచ్చు. అచ్చుశాలలో శిష్యుడు గురువు చేతిని చూసి నేర్చినట్లు, ఇక్కడ విద్యార్థి అపరిచితుల మూలపాఠాన్ని చూసి నేరుస్తాడు. ముసుగు ఫాంటు కాలంలో తెలుగు పుట మూలపాఠం తెరిచిన విద్యార్థికి కనబడినవి రోమన్ గుర్తుల గుట్టలు. అందులో నేర్వదగిన తెలుగు ఏదీ లేదు. యూనికోడ్ పుట తెరిస్తే ట్యాగుల నడుమ చదవదగిన తెలుగు వాక్యమే కనబడుతుంది. మూలపాఠం తొలిసారి తెలుగువాడికి గురువైంది.

ఈ మార్పు ఫలితం నగరంలో కనబడింది. 2014 ఫిబ్రవరిలో తెలుగు వికీపీడియా దశాబ్ది ఉత్సవాలు విజయవాడలో జరిగాయి. నగరంలోని ఆంధ్ర లయోలా కళాశాల విద్యార్థులు తెలుగు వికీపీడియాలో వ్యాసరచనకు పూనుకొన్నారు. వికీలో రాసేవారు రెండేసి సమాన చిహ్నాల నడుమ శీర్షికను ఉంచుతారు. చుక్క గుర్తుతో పట్టిక వేస్తారు. చదరపు కుండలీకరణాలతో లంకె కలుపుతారు. ఇది హెచ్.టి.ఎం.ఎల్.కు సరళరూపం. రంగులూ హంగులూ లేకుండా ఇది శీర్షిక, ఇది పేరా, ఇది ఆధారం అని పేరు పెట్టడమే ఇందులోని అభ్యాసం. రూపానికి ముందు నిర్మాణం నేర్పిన ఈ మార్గం, రంగులతో మొదలయ్యే శిక్షణ కంటే తెలుగు విద్యార్థికి మేలు చేసింది.

తెలుగు శాఖలకు ఇందులో ఒక కర్తవ్యం ఉంది. సీసపద్యాన్ని వెబ్ పుటలో పెట్టినప్పుడు నాలుగు పాదాలూ, ఎత్తుగీతీ ఏవేవో మూలపాఠంలో గుర్తించకుండా కేవలం పంక్తులు విరిచి చూపితే, ఫోను తెరమీద పాదం మధ్యలో విరిగి పద్యస్వరూపం చెడుతుంది. పాదాన్ని పాదంగా గుర్తిస్తే, విరిగిన భాగాన్ని కొంత లోపలికి జరిపి చూపమని సి.ఎస్.ఎస్.కు చెప్పవచ్చు. పుట భాష తెలుగు అని మూలపాఠం మొదట ప్రకటిస్తే, పాఠాన్ని బిగ్గరగా చదివే ఉపకరణాలు దానిని తెలుగుగా గుర్తిస్తాయి. చూపు లేని పాఠకుడికి అది పుట అందడానికీ అందకపోవడానికీ మధ్య ఉన్న తేడా. పద్యం ఏది, ప్రతిపదార్థం ఏది, పాఠాంతరం ఏది అని చెప్పగలిగేది సాహిత్య విద్యార్థి మాత్రమే. ట్యాగు పెట్టడం వ్యాఖ్యానంలో తొలిమెట్టు.

9. ఉపసంహారం

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు మూడు. ఒకటి, తెలుగు పుట చరిత్రలో అచ్చు, డి.టి.పి., వెబ్ మూడు వేర్వేరు కథలు కావు. వర్ణానికీ ఆకారానికీ మధ్య ఉన్న పెనుగులాట మూడింటినీ కలుపుతుంది. రెండు, సి.ఎస్.ఎస్. సూత్రం తెలుగుకు ఆలస్యంగా వర్తించింది. ఆ వ్యవధిలో కూర్చిన పుటలలో కొంత వాఙ్మయం చేజారింది. అచ్చుశాలల డి.టి.పి. ప్రతులలో ఆ ప్రమాదం ఇంకా పొంచి ఉంది. మూడు, తెలుగు పుట రూపకల్పనను అక్షరం, నిర్మాణం, రూపం అన్న క్రమంలో బోధించాలి. అక్షరం యూనికోడ్‌ది, నిర్మాణం హెచ్.టి.ఎం.ఎల్.ది, రూపం సి.ఎస్.ఎస్.ది. క్రమం తప్పితే ముసుగు ఫాంటు కాలపు తప్పు మరో వేషంలో తిరిగి వస్తుంది.

బందరు రోడ్డు ఒక కొసన కృష్ణాపత్రిక పుట్టిన ఊరు ఉంది. బెంజ్ సర్కిల్ దగ్గర కంప్యూటరు తరగతులకు వెళ్లే విద్యార్థి దాటేది ఆ రోడ్డునే. ఆ విద్యార్థి కూర్చే తొలి పుట తెలుగులో ఉండటానికి నేడు సాంకేతికమైన అడ్డు ఏదీ లేదు. ఒత్తు తెగకుండా పంక్తి ఎత్తు ఎంచడం నేర్పగల పాత కంపోజిటర్లు ఇంకా కొందరు ఉన్నారు. పద్యాన్ని పద్యంగా గుర్తించడం నేర్పగల తెలుగు శాఖలూ ఉన్నాయి. వారి అనుభవం నమోదై పాఠ్యప్రణాళికలోకి చేరడం తక్షణం జరగవలసిన పని.